నల్లరేగడిలో కొమ్మ బతకాలంటే

(మండల రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం)



తొలకరి పడింది. గట్ల మీద కొమ్మలు నాటుకోడానికి ఇదే అదను. అందుకే దాని మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను పదో తరగతి చదివినవాణ్ణి, శాస్త్రవేత్తను కాను. చెడగొట్టుకుని నేర్చుకున్నదే ఎక్కువ, కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను.

మా చేను నల్లరేగడి. ఎండాకాలం నెర్రెలో చెయ్యి పెడితే మోచేతి దాకా దిగుతుంది. వానాకాలం అడుగేస్తే చెప్పు బురదలోనే ఉండిపోతుంది. ఒక ఏడాది చేను అంచున ముప్పై మునగ కొమ్మలు నాటాను. బంకనేల కదా, వేరు పారడానికి గుల్లగా ఉండాలని రెండడుగుల గుంతలు తీసి, ఇసుక, పశువుల ఎరువు కలిపి నింపాను. చూసినవాళ్లు మెచ్చుకున్నారు. పది పన్నెండు రోజులకు చిగుళ్లు కూడా వచ్చాయి. తర్వాత నాలుగు రోజులు ముసురు పట్టింది. వాన వెలిసి చూస్తే చిగుళ్లు వాడిపోయి ఉన్నాయి. కొమ్మ పట్టుకుంటే చేతికి ఊడి వచ్చింది, అడుగున బెరడు కుళ్లి వాసన. ముప్పైలో బతికినవి నాలుగు.

జరిగింది ఇది. చుట్టూ బంకమట్టి, మధ్యలో ఇసుక. చుట్టుపక్కల నీళ్లన్నీ ఆ ఇసుకలోకి దిగాయి, కిందికి ఇంకే దారి లేదు. గుంత కుండలా తయారైంది. వేరు లేని కొమ్మకు తడి ఎంత అవసరమో గాలి అంత అవసరం. నీళ్లు నిలిస్తే గాలి ఆడదు, వేరు పుట్టాల్సిన చోటే కుళ్లుతుంది. ఆ మొదటి చిగురును చూసి మురిసిపోకండి. అది కొమ్మలో దాచుకున్న సత్తువతో వచ్చేది, అప్పటికి వేరు ఉండకపోవచ్చు. వేరొచ్చిందా అని మధ్యలో పీకి చూసేవాళ్లూ ఉన్నారు మనలో. పుట్టిన రెండు వేళ్లూ అప్పుడే తెగిపోతాయి.

ఇప్పుడు నేను ఇసుక, చివికిన ఎరువు కలిపి అడుగున చిల్లులున్న పాలిథిన్ కవర్లలో ముందు వేరు పట్టిస్తున్నాను. ఆ కలుపు కవర్లో మంచిది, రేగడి గుంతలో చెడ్డది. కొమ్మ లేతది కాకుండా, బెరడు ముదిరిన బొటనవేలి లావుది, అడుగు పొడవుది తీసుకోండి. కింది కోత కణుపు దిగువన ఏటవాలుగా, పై కోత తిన్నగా ఉంటే తలకిందులుగా గుచ్చే ప్రమాదం ఉండదు. నీడన ఉంచి, తడి ఆరిపోకుండా చూసుకుంటే చాలు. తర్వాత చేలో నాటేటప్పుడు పల్లంలో కాకుండా గట్టు మీదో, మట్టి ఎగదోసిన దిబ్బ మీదో, ఆ చేని మట్టిలోనే నాటండి. మునగ కొమ్మను నేరుగా నాటాలంటే మూడు అడుగుల పైన ఉన్నది కోసి, రెండు మూడు రోజులు నీడలో ఆరనిచ్చి నాటాలి.

ఇక నేల సంగతి. మిషన్ కాకతీయలో తెలంగాణ రైతులు చెరువు మట్టి తోలుకుని బాగుపడ్డారని విని, మనోళ్లు కొందరు రేగడిలో కూడా చెరువు మట్టి తోలించారు. ఎర్రచెల్కకు, దుబ్బనేలకు అది మేలు. అసలే బంకగా ఉన్న చేలో ఇంకా బంక పోస్తే ఏమొస్తుంది? ట్రాక్టర్ కిరాయి పోతుంది. ఒకటి రెండు ట్రక్కుల ఇసుక తోలినా అంతే, ఎకరం మట్టిలో అది కనపడదు.

జిప్సం వేసే ముందు ఒక పని చేయండి. ఎండిన చిన్న మట్టిపెళ్లను గ్లాసు వాన నీళ్లలో మెల్లగా వదిలి, కదపకుండా రాత్రంతా ఉంచండి. బోరు నీళ్లు వద్దు, వాటిలో ఉప్పు ఉంటే తప్పు చూపిస్తాయి. పెళ్ల విరిగి పడి నీళ్లు తేటగా ఉంటే జిప్సంతో పెద్ద పని లేదు, నేలకు ఆకూ ఎరువూ కావాలి. నీళ్లు పాలు కలిపినట్టు మసకబారితే సోడియం ఎక్కువని అనుమానించాలి. అప్పుడు మట్టి పరీక్ష చేయించి, చెప్పిన మోతాదులో వేయండి.

ఆకు కోసమే గట్ల మీద గ్లైరిసిడియా నాటమంటున్నాను. మణికట్టు లావు కొమ్మ గుచ్చితే పట్టుకుంటుంది, మేకకు తప్ప ఎవరికీ భయపడదు. హైదరాబాద్‌లోని క్రీడా శాస్త్రవేత్తలు ఏళ్లుగా చెబుతున్నదే ఇది. అయితే లెక్క నిజాయితీగా చెప్పుకోవాలి. టన్ను పచ్చి ఆకులో నత్రజని ఆరేడు కిలోలే. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోల పైచిలుకు. అంటే మూడు టన్నుల ఆకు కొడితే ఒక బస్తా. బస్తాల లెక్క చూసుకుంటే కొడవలి ఎత్తాలనిపించదు. నేను ఎత్తేది నేల గుల్లబారడానికి. మా చేలో ఏటా ఆకు వేసి, మధ్యలో జనుము పూత మీద కలియదున్నుతూ వస్తే, మూడో ఏడు గాని నాగలికి తేడా తెలియలేదు. అదీ పదును చూసి దున్నితేనే. తడి మీద రోటవేటర్ తిప్పితే మూడేళ్ల కష్టం ఒక్క పూటలో గట్టిపడుతుంది.

మూడేళ్లు అన్నాను కదా. ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగం మంది కౌలుదార్లు. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కింద ఇచ్చే పత్రం 11 నెలలది, అదీ యజమాని సంతకం పెడితేనే. వచ్చే ఏడు ఎవరు దున్నుతారో తెలియని చేనికి ఆకు ఎవరు మోస్తాడు? గట్టు మీద కొమ్మ గుచ్చితే రేపు హక్కు అడుగుతాడేమోనని యజమానికి భయం. నేల చచ్చిపోయిందని కౌలురైతును తిట్టేవాళ్లు ఈ సంగతి మాట్లాడరు. కౌలు కనీసం మూడేళ్లకు కాగితం మీద ఉండాలని, గట్టు చెట్టు మీద కౌలుదారు హక్కు అడగడని, ఆకు మాత్రం అతనే కోసుకుంటాడని అందులోనే రాసుకోవాలని నా ప్రతిపాదన. యజమానులూ ఉన్నారు ఈ గదిలో. బాగుపడేది వాళ్ల నేలే కాబట్టి అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి, తీర్మానం సాయంత్రం పెడదాం.

మా గట్టున కొట్టాల్సిన గ్లైరిసిడియా ఉంది. ఆదివారం పొద్దున కొడతాను. తాడు, కొడవలి మీరే తెచ్చుకోండి. వచ్చేవాళ్లు చేలోనుంచి ఒక మట్టిపెళ్ల కూడా పట్టుకురండి, గ్లాసులు, వాన నీళ్లు నేను సిద్ధం చేస్తాను.