కోట లేని రేవు



నిర్వాహకులు నాకు అప్పగించిన అంశం మన ఆంధ్ర తీరంలో రోమన్ల ఆనవాళ్ళు. ఆ మాట వినగానే మనలో చాలామంది కోట గోడ కోసం వెతుకుతారు. అలాంటిది ఇక్కడ దొరకదని ముందే చెప్పేస్తాను.

రోమన్లు సముద్రపు ఒడ్డున కోటలు కట్టిన చోట్లు వేరే ఉన్నాయి. హాడ్రియన్ చక్రవర్తి క్రీ.శ. 122లో బ్రిటన్‌లో గోడ కట్టించడం మొదలుపెట్టాడు. ఆ గోడ అయిపోయిన చోటు నుంచి పడమటి తీరం పొడవునా మైలుకొక బుల్లి కోట వేయించాడు. పచ్చికగడ్డలు పేర్చిన గట్టు, చుట్టూ కందకం, లోపల కొద్దిమంది సైనికులు తలదాచుకునే కొట్లు, అంతే. స్వార్తీ హిల్ అనే చోట అలాంటిదొకటి 1990–91లో తవ్వితే పొయ్యిలతో సహా బయటపడింది. అక్కడికి వాళ్ళు ఏలడానికి వెళ్ళారు, మన దగ్గరికి కొనుక్కోవడానికి వచ్చారు. కొనేవాడికి కోటతో ఏం పని?

కొన్నది మన పత్తిబట్ట. మొదటి శతాబ్దపు గ్రీకు నావికుడొకడు రాసిన పెరిప్లస్ అనే గ్రంథం ఈ తీరాన్ని మసాలియా అంటుంది, ఇక్కడ సన్నబట్ట విస్తారంగా నేస్తారంటుంది. దానికి బదులుగా వచ్చిన బంగారు నాణేలు, టైబీరియస్ కాలం మొదలు కారకల్లా కాలం వరకూ, వినుకొండలో దొరికాయి.   

పేరులోనే కోట ఉన్న ధరణికోట సంగతి చూడండి. 1960లలో జరిగిన తవ్వకాల్లో కృష్ణా నది నుంచి లోపలికి తీసిన ఓడల కాలువ కనిపించింది. దాని ఒడ్డున మొదట కొయ్యతో, తర్వాత ఇటుకతో కట్టిన రేవుకట్ట. ఆ పని చేసింది మనవాళ్ళే. అడుగున చుక్కల వలయాలున్న నున్నటి బూడిదరంగు పళ్ళెపు పెంకులు ఇలాంటి చోట్ల దొరుకుతాయి. 1945లో అరికమేడు తవ్విన పురావస్తువేత్త వీలర్ వాటిని మధ్యధరా సరుకనుకున్నాడు. మట్టిని పరీక్షించాక అవి ఈ దేశపు కుండలేనని తేలింది. అయినా పెంకు కనబడితే చాలు, రోమ్ పేరెత్తే అలవాటు మనకింకా పోలేదు.

వర్తకుడికి రక్షణనిచ్చేదే కోట అనుకుంటే, నన్ను అడిగితే ఈ తీరపు అసలైన కోట రోమన్ల కాలం దాటాక, మోటుపల్లిలో ఉంది. వీరభద్రాలయంలోని ఒక స్తంభం అది. కాకతి గణపతిదేవుడు 1244–45లో వేయించిన అభయ శాసనం దాని మీద ఉంది. గాలివానకు ఒడ్డెక్కిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మునుపటి రాజులు బలవంతంగా లాక్కునేవారట. తాను సుంకం తప్ప మరేమీ ముట్టనని అతను మాటిచ్చాడు. ఎగుమతి, దిగుమతులకు ముప్పైలో ఒక వంతు. కింద సరుకుల పట్టీ ఉంది: గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, మిరియాలు, పోకలు. రాజుగారి దయ ఎంత, ఖజానా లెక్క ఎంత అన్నది మీరే తేల్చుకోండి. నాకు రెండూ కనిపిస్తున్నాయి. వ్యాపారి భయపడితే రేవు ఎండిపోతుందని అతనికి తెలుసు. ఆ శతాబ్దం చివర మార్కోపోలో ఈ రేవుకు ముట్ఫిలి అని పేరు రాసి, ఇక్కడి బట్టను సాలెగూడుతో పోల్చాడు. 1358లో కొండవీటి అనవోతారెడ్డి కూడా ఇక్కడే వర్తకులకు హామీలిస్తూ మరో శాసనం వేయించాడు.

గోడలకైతే ఎవరో ఒకరు కాపలా పెడతారు. పెంకులకు, ఇటుక వరుసలకు ఆ యోగం లేదు. రొయ్యల చెరువుకు పొక్లెయిన్ దిగితే ఒక్క పూటలో గట్టులో కలిసిపోతాయి. అందుకని మోటుపల్లి నుంచి నిజాంపట్నం దాకా తీరగ్రామాలన్నిటా ఊరూరా సర్వే జరపాలనీ, చెరువు తవ్వకానికి అనుమతిచ్చే ముందు పురావస్తు శాఖ నేలను చూడాలనీ ఈ సాయంత్రపు తీర్మానాల్లో చేర్చమని సభను కోరుతున్నాను. ముసాయిదా కార్యదర్శి గారి దగ్గర ఉంది. సవరణలుంటే భోజన విరామంలోపు ఇవ్వండి.