బీల బీడు కాదు



శ్రీకాకుళం జిల్లాలో సోంపేట ఉంది. దాని పక్కన పెద్ద నీటి నేల ఉంది. అక్కడివాళ్లు దాన్ని బీల అంటారు. వాన నీరు అందులో నిలుస్తుంది. ఆ నీటితో వరి పండుతుంది. చేపలు దొరుకుతాయి. పశువులకు గడ్డి దొరుకుతుంది.

2008లో ప్రభుత్వం అక్కడ సుమారు 970 ఎకరాలు ఒక కంపెనీకి ఇచ్చింది. బొగ్గు మండించి కరెంటు తీస్తామన్నది కంపెనీ. కాగితాల్లో ఆ నేలను ఏమని రాశారు? బీడు అని రాశారు! బీడు అంటే రెండే అక్షరాలు. ఆ రెండక్షరాల చాటున ఎంతమంది కూడు ఉందో చూడండి.

రైతులు, మత్స్యకారులు ఒక్కటయ్యారు. పర్యావరణ పరిరక్షణ సంఘం పెట్టుకున్నారు. ఆడవాళ్లూ కదిలారు. కరెంటు వద్దని కాదు, నీళ్లు పోతే బతుకే పోతుందని వాళ్ల బాధ.

2010 జూలై 14న పోలీసులు కాల్పులు జరిపారు. ఇద్దరు చనిపోయారు. అయినా జనం బెదరలేదు. అదే నెలలో ఆ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతి రద్దయింది. నిరాహార దీక్షలు ఏళ్ల తరబడి సాగాయి. చివరికి అక్కడ ఆ కేంద్రం కట్టనే లేదు.

రేపు మీ పొలం మీదుగా కరెంటు తీగలు లాగుతామని కాగితం రావచ్చు. తీగలు ఎటునుంచి ఎటు పోతాయో చదవండి. మీ నేలను ఏమని రాశారో చూడండి. తప్పుంటే నలుగురూ కూడి మాట్లాడుకోండి. కలెక్టరుకు అర్జీ రాసి ఇవ్వండి. చదవకుండా మాత్రం సంతకం పెట్టకండి.