కొండెక్కే ముందు కూర్చొని లెక్క చూడండి
(రేడియో ప్రసంగ పాఠము)

ఇండ్లలో కుటుంబముగా కూర్చొని వింటున్నవారికి, పొలము గట్టున రేడియో పెట్టుకొని వింటున్నవారికి, ఆసుపత్రి మంచము మీద ఉండి వింటున్నవారికి ప్రభువు తన సమాధానమును దయచేయును గాక.

చలికాలము వచ్చిందంటే మన అనకాపల్లి ప్రాంత సంఘములలో యౌవనస్థుల నోట ఒకటే మాట. "అయ్యగారూ, ఈసారి లంబసింగి వెళ్దామా, అరకు వెళ్దామా?" అదే సమయములో పెద్దలు నన్ను పక్కకు పిలిచి, "విశ్వాసుల పిల్లలకు ఈ విహారయాత్రలు తగునాండీ?" అని అడుగుతారు. ఈ రెండు ప్రశ్నలకు వాక్యము ఏమి జవాబు చెబుతుందో ఈ పూట ధ్యానిద్దాము.

మార్కు సువార్త 6వ అధ్యాయము 31వ వచనము తెరవండి. శిష్యులు సేవ చేసి అలసిపోయారు. వారికి భోజనము చేయుటకైనా తీరిక లేదు. అప్పుడు ప్రభువు వారిని జనసమూహమునకు దూరముగా, ఏకాంత స్థలమునకు పిలిచి కొంచెము సేపు విశ్రాంతి తీసుకోమన్నాడు. ఆయన కూడా ప్రార్థించుటకు కొండకు వెళ్ళేవాడు. కాబట్టి ప్రియులారా, కొండకు వెళ్ళుట పాపము కాదు. ఎలా వెళుతున్నాము అన్నదే ప్రశ్న.

యాకోబు భక్తుడు తన పత్రిక 4వ అధ్యాయములో, రేపు ఫలానా ఊరు వెళతాము, అక్కడ ఇన్ని రోజులుంటాము అని ధీమాగా చెప్పుకునేవారిని హెచ్చరిస్తాడు. మన బ్రదుకు కొంతసేపు కనబడి మాయమయ్యే ఆవిరివంటిదని గుర్తుచేస్తాడు. తెల్లవారుజామున లంబసింగిలో, పాడేరు దగ్గర వంజంగి కొండ మీద ఆ మంచును చూసినవారికి ఈ పోలిక బాగా తెలుస్తుంది. ఎండ రాగానే అది ఉండదు. అయితే యాకోబు ఏర్పాట్లు చేసుకోవద్దని చెప్పలేదు. ప్రభువు చిత్తమైతే అనే మాటతో చేసుకోమన్నాడు. అందుచేత మూడు సంగతులు మీ ముందుంచుతాను.

మొదటిది, కూర్చొని లెక్క చూడవలెను. లూకా 14వ అధ్యాయములో గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చొని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పాడు. ఆ మాట ఆయన శిష్యరికమును గూర్చి చెప్పినా, మన ప్రయాణములకూ పనికివస్తుంది. మనకు దారులు మూడు. నర్సీపట్నం మీదుగా లంబసింగి ఒకటి. చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు రెండవది. విశాఖపట్నం నుండి కిరండూల్ రైలెక్కి సొరంగములు దాటుకుంటూ బొర్రా గుహలు, అరకు చూచుట మూడవది. రెండే రోజులు చేతిలో పెట్టుకొని మూడూ చూడాలంటే రోజంతా ఘాట్ రోడ్డు మీదే గడుస్తుంది. ఒక్క చోటు ఎంచుకోండి. సంక్రాంతి సెలవులలో, ఆదివారములలో జనము విపరీతముగా ఉంటారు కాబట్టి బస ముందుగా మాట్లాడుకోండి.

లెక్కలో ఇంకొకటి చేర్చండి. తలకు పదిహేను వందలు అని కమిటీవారు నిర్ణయిస్తారు. బెల్లం మార్కెట్‌లో దిమ్మలు మోసే కళాసీ కొడుకు, "నాకు పరీక్షలున్నాయండీ" అంటాడు. వానికి పరీక్షలు లేవు, డబ్బు లేదు. ఆ మాట పైకి చెప్పుకోలేడు. సంఘము పేరుతో వెళ్ళే యాత్రలో పేదవాని బిడ్డ సిగ్గుపడి ఇంటి దగ్గర మిగిలిపోతే, మనము ఏ సహవాసము చేసినట్లు? పెద్దలారా, ఆ ఖర్చు ఎవరికీ తెలియకుండా మీరు సర్దండి. ఒక పూట భోజనము తగ్గినా అందరూ కలిసి వెళ్ళండి.

రెండవది, పిట్టగోడ కట్టవలెను. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనములో దేవుడు ఒక చిత్రమైన ఆజ్ఞ ఇచ్చాడు. క్రొత్త ఇల్లు కట్టినవాడు మేడకు పిట్టగోడ కట్టాలి. కట్టక, ఎవరైనా పడి చనిపోతే ఆ రక్తాపరాధము ఇంటివాని మీదికి వస్తుంది. వినండి నాయకులారా! పరుల బిడ్డలను మీ మాట మీద కొండకు తీసుకువెళుతున్నారు. మీ పిట్టగోడ ఏది?

2021 ఫిబ్రవరిలో అనంతగిరి ఘాట్‌లో డముకు దగ్గర అరకు చూసి తిరిగివస్తున్న పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు ప్రాణాలు కోల్పోయారు. ఘాట్ ఎరిగిన డ్రైవరునే పెట్టుకోండి. రాత్రంతా బండి నడిపినవానిని తెల్లవారి మలుపుల మీదికి పంపకండి. దిగేటప్పుడు బండిని న్యూట్రల్‌లో వదలకూడదు. ఎక్కిన గేరులోనే దించాలి. ఊరికే బ్రేకు తొక్కుతూ ఉంటే అది వేడెక్కి పట్టు తప్పుతుంది. చీకటి పడకముందే కొండ దిగండి.

లంబసింగిని కొర్రబయలు అని కూడా అంటారు. రాత్రి బయట ఉన్నవాడు కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. కొన్ని తెల్లవారుజాములు సున్నా డిగ్రీల దగ్గరకు వస్తుంది. ఉన్ని బట్టలు, దుప్పట్లు మరువకండి. చలికి తాళలేక మూసిన గదిలోగాని గుడారములోగాని బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రపోకండి. దాని నుండి వచ్చే విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణము తీస్తుంది. ఏజెన్సీలో మలేరియా దోమలున్నాయి, దోమతెర తీసుకువెళ్ళండి. తిరిగివచ్చాక జ్వరము వస్తే కొండకు వెళ్ళి వచ్చామని డాక్టరుగారికి చెప్పండి.

జలపాతముల మాట ప్రత్యేకముగా చెబుతున్నాను. నాచు పట్టిన బండ మీద కాలు నిలవదు. పైన ఎక్కడో వర్షము పడితే క్రింద ఎండగా ఉన్నా నీరు ఒక్కసారిగా పెరుగుతుంది. "దేవుడున్నాడు, ఏమీ కాదు" అని దూకేవాడు విశ్వాసము చూపుట లేదు. మత్తయి 4వ అధ్యాయములో దేవాలయ శిఖరము మీద సాతాను యేసుప్రభువుతో అన్నది అదే మాట కదా! దూకు, దూతలు పట్టుకుంటారు అన్నాడు. ప్రభువు దూకలేదు. అది దేవుని శోధించుట అని వానిని నోరు మూయించాడు. సెల్‌ఫోనులో ఒక్క ఫోటో కోసం అంచుకు పోతున్న యౌవనుడా, నిన్ను దూకమంటున్న ఆ స్వరము ఎవరిదో గుర్తుపట్టు!

మూడవది, ఆ కొండ పొరుగువాని ఇల్లు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు మనము అనకాపల్లి జిల్లా అయ్యాము, అరకు, లంబసింగి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళాయి. కాని పొరుగుతనము విడిపోలేదు. అక్కడ భగతలు, కొండదొరలు, వాల్మీకులు తరతరాలుగా కాపురమున్నారు. మనము చూడవచ్చిన పూలతోట వారి వలిసె చేను; తొక్కితే పోయేది వారి పంట. అడగకుండా వారి ఆడపిల్లల ఫోటోలు తీయకండి. ధింసా ఆడే తల్లులను గౌరవముగా చూడండి. తిన్న ప్లాస్టిక్ ప్లేట్లు, నీళ్ళ సీసాలు మూటకట్టి తిరిగి తెచ్చుకోండి. ఆ గెడ్డ నీరు క్రింద ఊరివారు త్రాగే నీరు. కాఫీపొడి, తేనె కొనేటప్పుడు అక్కడివారి దగ్గర, లేదా 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ దుకాణములో కొనండి. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా కాఫీ వారి చెమట ఫలము. పాటలు పాడి, చెత్త పారవేసి వచ్చిన సంఘము సువార్తకు మంచి సాక్ష్యమవుతుందా? మీరే చెప్పండి.

ప్రియ సహోదరీ సహోదరులారా, 121వ కీర్తన వ్రాసిన భక్తుడు కొండల తట్టు కన్నులెత్తాడు, కాని సహాయము కొండ నుండి వస్తుందని అనుకోలేదు. కొండను చేసినవాని యొద్దనుండి వస్తుందని తెలుసుకున్నాడు. వెళ్ళే ప్రతి బిడ్డ క్షేమముగా తిరిగివచ్చి ఆదివారము మందిరములో తల్లి పక్కన కూర్చోవాలి. అప్పుడే మన యాత్ర ముగిసినట్లు.

ప్రార్థన చేసుకుందాము. పరిశుద్ధుడవైన తండ్రీ, ఈ చలికాలములో ప్రయాణమవుతున్న ప్రతి కుటుంబమును, ప్రతి యౌవన బిడ్డను నీ చేతికి అప్పగించుచున్నాము. నడిపించువారికి జాగ్రత్తను, వెళ్ళలేనివారికి తోడును, కొండ మీది మా పొరుగువారికి సమృద్ధిని దయచేయుము. మా రాకపోకలయందు నీవే మమ్మును కాపాడుమని యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.