ఏటిమొగ బురదలో దాగిన సంపద



దుక్కికి ముందు గుప్పెడు మన్ను తీసి నలిపి చూడని రైతు ఉండడు. నాలుగు వానపాములు కనిపిస్తే భూమి బలంగా ఉన్నదని సంతోషిస్తాడు. మరి గోదావరి సముద్రంలో కలిసే చోట, కోరంగి మడ అడవుల చుట్టూ, కాకినాడ అఖాతంలో నీరు పాటు తీసినప్పుడు బయటపడే బురదను మనలో ఎందరు చేతిలోకి తీసుకొని చూశారు? ఒట్టి బురదే గదా అంటాము. ఒట్టి బురద కాదండీ. అదీ ఒక పొలమే. నాగలి లేకుండా దున్నే జీవాలు అందులో వేలకు వేలున్నవి.

వెన్నెముక లేని ఈ జీవాలలో ముఖ్యమైనవి మూడు తెగలు. మొదటివి పురుగులు. ఇవి వానపాముకు సముద్రపు చుట్టాలు. ఒంటికి రెండు ప్రక్కలా బిరుసు వెంట్రుకలుంటవి. రెండవవి గుల్లజాతి. కాకినాడ అఖాతంలో దొరికే ఒక రకం గుల్లను విప్పితే ఎర్రని నెత్తురు కారుతుంది. మన నెత్తురుకు ఎరుపునిచ్చే పదార్థమే దానిలోనూ ఉన్నది. అద్దం రేకులాగా పలుచని చిప్పగల గుల్లలున్నవి. మడచెట్ల మొదళ్లలో మరచీలవలె మెలితిరిగిన పొడవాటి నత్తలున్నవి. మూడవవి పెంకుజాతి. పీతలు, రొయ్యలు మనకు తెలిసినవే. వాటి జ్ఞాతులు, బియ్యపు గింజంత ఉండి ఎగిరి గంతులేసే చిన్న జీవాలు కూడా ఈ తెగలోనివే.

ఇవి చేసే పని ఏమిటి? బురద పైపొర గోధుమరంగున ఉంటుంది, లోపల నల్లగా ఉంటుంది. గాలి తగలని ఆ నల్లపొరలో కుళ్లిన కోడిగ్రుడ్డు వాసన వస్తుంది. పురుగులు, పీతలు బొరియలు తవ్వి నీటిని, దానితోపాటు ప్రాణవాయువును లోపలికి పంపుతవి. గుల్లలు నీటిని వడపోసి అందులోని సూక్ష్మ ఆహారాన్ని తింటవి. రాలిన మడ ఆకును నత్తలు, పీతలు కొరికి ఎరువు చేస్తవి. ఈ జీవాలను తిని మండపీతలు, రొయ్యలు పెరుగుతవి. అంటే మీ వలలో పడేదానికి మేత ఈ బురదలోనే ఉన్నదన్నమాట.

సముద్రపు నీరు లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. జులై నుంచి సెప్టెంబరు వరకు గోదావరి వరద వచ్చిందంటే మొగ దగ్గర ఆ ఉప్పు విరిగిపోతుంది. ఎండాకాలానికి మళ్లీ ఎక్కుతుంది. ఈ మార్పుకు అన్ని జాతులూ తట్టుకోలేవు. అంచేత బయట సముద్రంలో కంటె ఇక్కడ రకాలు తక్కువ. తట్టుకున్నవి మాత్రం లెక్కలేనన్ని పెరుగుతవి. వరదకు ఒక రకం పోతే, మరొక రకం నిలిచి పని సాగిస్తుంది. మెట్టచేలో కందీ, జొన్నా కలిపి చల్లే రైతుకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మీరే ఒక పరీక్ష చేయవచ్చును. నీరు తీసిన వేళ అడుగు పొడవు, అడుగు వెడల్పు చోటులో జానెడు లోతు బురద తీయండి. సన్న జల్లెడలో కడగండి. ఎన్ని రకాలున్నవో లెక్కించి వ్రాసుకోండి. ఏటేటా అదే చోట, అదే నెలలో చేయండి. చిన్న గంతుల జీవాలు ముందుగా మాయమై, దారంలాంటి ఎర్రపురుగు ఒక్కటే కుప్పలుగా కనిపిస్తే, అక్కడ కుళ్లు హెచ్చి గాలి తగ్గిందని అర్థం. పైరంతా పోయి తుంగ ఒక్కటే మిగిలిన చేను వంటిది అది.

రొయ్యల చెరువుల రైతులకు ఒక మాట. పట్టుబడి అయిన వెంటనే మురికినీరు, మిగిలిన మేత, మందులు అన్నీ ఏటిలోకి వదలకండి. చెరువులో పీతలను చంపే మందు ఏటిలో వాటి జ్ఞాతులనూ చంపుతుంది. ఆ నీటినే రేపు ప్రక్క రైతు తోడుకుంటాడు, ఎల్లుండి మీరూ తోడుకుంటారు. 1990 దశకం మధ్యలో తెల్లమచ్చ తెగులు చెరువునుంచి చెరువుకు పాకినప్పుడు కోస్తా రైతు ఈ పాఠం నేర్చుకున్నాడు. 2005 నాటి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం క్రింద వచ్చిన నిబంధనలు పెద్ద చెరువులకు మురికినీటి శుద్ధి ఏర్పాటు ఉండాలని చెప్పినవి. చిన్న రైతులు నలుగురు కలిసి ఒక తేర్పుడు గుంట త్రవ్వుకోవచ్చు.

గుల్ల ఏరేవారు పిల్ల గుల్లలను తిరిగి బురదలోనే వదలండి. సున్నపు బట్టీకి బ్రతికిన గుల్లను పంపితే, వచ్చే ఏటి విత్తనాన్ని వండుకు తిన్నట్లే.

మొగ పూడిపోతే ఏమవుతుందో ఒడిశాలోని చిలకా సరస్సు చూపించింది. ఇసుక మేట వేసి ఉప్పునీరు రాక తగ్గగా, సరస్సులో కలుపు అల్లుకొన్నది, పట్టుబడి పడిపోయింది. 2000 సెప్టెంబరులో కొత్త మొగ తెరచిన తరువాత కొద్ది ఏండ్లకే చేపలు, రొయ్యలు, పీతలు అనేక రెట్లు పెరిగినవి. నీటికి దారి ఇస్తే బురద తిరిగి బ్రతుకుతుంది.

ఈసారి ఏటి ఒడ్డుకు పోయినప్పుడు జల్లెడ ఒకటి వెంట తీసుకువెళ్లండి. పిల్లలను కూడా తీసుకువెళ్లండి. రకాలు లెక్కపెట్టడంలో వాళ్ల కళ్లు మనకంటె చురుకు.