కెనడాలో దిగిన రోజు

రాజమండ్రి నుంచో భీమవరం నుంచో శాశ్వత నివాసానికి కెనడా వెళ్తున్నారా? పాస్‌పోర్టు, కెనడా శాశ్వత నివాస ధ్రువపత్రం చేతిసంచిలోనే ఉంచుకోండి, పెద్దపెట్టెలో పెట్టకండి.

కస్టమ్స్ కోసం సామాను జాబితాలు రెండు రాయాలి: వెంట తెచ్చింది ఒకటి, తర్వాత రప్పించుకునేది ఇంకొకటి. మనవాళ్లు బద్ధకించేది నగల దగ్గరే. అమ్మమ్మ ఇచ్చిన కాసులపేరు ఇక్కడి లాకర్లోనే ఉన్నా సరే, రెండో జాబితాలో దాని వివరం, విలువ రాసి, ఫొటో జతచేయండి. జాబితాకెక్కని నగ తర్వాత తెస్తే సుంకం కట్టాల్సి రావచ్చు.

10,000 కెనడా డాలర్లు, ఆపైన నగదుంటే కస్టమ్స్‌కు చెప్పాలి. ఆవకాయ, ఆత్రేయపురం పూతరేకులూ అంతే. చెప్పినందుకు జరిమానా ఉండదు, దాచినందుకే!

ఆనక సర్వీస్ కెనడాలో 9 అంకెల సిన్ (సోషల్ ఇన్సూరెన్స్) నంబరు తీసుకోండి, ఉచితమే. పీఆర్ (శాశ్వత నివాస) కార్డు కోసం అక్కడి చిరునామా 180 రోజుల్లోగా ఇవ్వాలి. గడువు దాటితే మళ్లీ దరఖాస్తు, రుసుమూ తప్పవు.