వెళ్ళొస్తాను
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



మా తాతగారు ఊరు విడిచి ఓడ ఎక్కారు. నేను మూడో తరం మనిషిని. నా తెలుగు సాయంకాలపు తరగతుల్లో నేర్చుకున్నది, తప్పులుంటే మన్నించండి. బడిలో లెక్కలు చెప్పినదాన్ని కనుక చిన్న లెక్కతోనే మొదలుపెడతాను.

ఒక కారు మైలు దూరం 30 సెకన్లలో పోతే, గంటకు ఎన్ని మైళ్ళ వేగం? గంటకు 3600 సెకన్లు. 30 చేత భాగిస్తే 120. ఈ భాగహారం చెయ్యనక్కరలేకుండా కొన్ని చేతిగడియారాల మీద జవాబే అచ్చువేశారు. ఒక మైలురాయి దగ్గర మీట నొక్కితే ముల్లు బయలుదేరుతుంది, తరువాతి రాయి దగ్గర నొక్కితే ఆగుతుంది. అది చూపిన అంకే వేగం. ఆ అంకెల వరుస టాకీమీటర్, ఆ గడియారం క్రోనోగ్రాఫ్. కారు పందాలకూ గడియారాలకూ చుట్టరికం ఇక్కడ కలిసింది.

1963లో రెండు పేరున్న గడియారాలు వచ్చాయి. ఒకటి స్విట్జర్లాండు హోయర్ కంపెనీవారి 'కరేరా'. 1950 నుండి 1954 వరకు మెక్సికోలో జరిగిన రోడ్డు పందెం పేరు అది. ప్రాణాలు పోతున్నాయని ఆ పందెం ఆపేశారు. పేరు గడియారం మీద మిగిలింది. రెండోది రోలెక్స్ కాస్మోగ్రాఫ్. అందులో టాకీమీటర్ అంకెలను లోపలి పలక మీదినుంచి బయటి అంచుకు మార్చారు. దానికి స్థిరపడిన పేరు 'డేటోనా'. ఫ్లోరిడాలో 1959లో పెద్ద పందెపు బాట తెరిచిన ఊరు అదే.

2023 ఫిబ్రవరి 11న మన హైదరాబాదులో, హుస్సేన్ సాగర్ ఒడ్డున, ఫార్ములా ఇ విద్యుత్ కార్ల పందెం జరిగింది. ఆ పందాలకు అధికారిక టైమ్‌కీపర్ హోదా ఆ హోయర్ కంపెనీదే, ఇప్పటి పేరు టాగ్ హోయర్. నేటి యంత్రాలు సెకనులో వెయ్యో వంతు కూడా చెబుతాయి. పందానికి చేతిగడియారం అవసరం తీరిపోయింది. అయినా జనం పాతవాటినే వెదుకుతున్నారు. ఎందుకని?

సినీనటుడు పాల్ న్యూమన్ నలభై దాటాక పందెపు కార్లు నడపడం మొదలుపెట్టాడు. 1979లో ఫ్రాన్సులోని ల మాన్ 24 గంటల పందెంలో అతని జట్టు రెండో స్థానం గెలిచింది. భార్య, నటి జోన్ వుడ్వర్డ్, అతనికి ఒక డేటోనా ఇచ్చింది. ఆ రకం పలకను అప్పట్లో కొనేవారే తక్కువ. వెనక ఆమె మూడు ఇంగ్లీషు మాటలు చెక్కించింది: జాగ్రత్తగా నడుపు, ఇట్లు నేను, అని అర్థం. 1984లో న్యూమన్ తన కూతురి స్నేహితుణ్ణి టైమెంతయిందని అడిగాడు. ఆ కుర్రవాడు గడియారం లేదన్నాడు. న్యూమన్ తన చేతిది తీసి ఇచ్చేశాడు. 2017 అక్టోబరులో న్యూయార్కు వేలంలో అది 1 కోటి 77 లక్షల డాలర్లు దాటింది.

అంత డబ్బూ ఇనుప ముక్కకు కాదని నా నమ్మకం. ఆ మూడు మాటల్లో ఒక ఇల్లాలి భయం ఉంది.

మా నాయనమ్మ గుమ్మం దాటేవాళ్ళను 'వెళ్తాను' అననిచ్చేది కాదు. 'వెళ్ళొస్తాను' అనాలి. పోయినవాడు తిరిగి రావాలి కదా! మా ఇంట్లో తెలుగు చాలావరకు పోయింది గాని, ఈ ఒక్క మాట పోలేదు.

మా నాన్నగారి గడియారం రోజూ కీ ఇచ్చే మామూలుది. బాగుచేయించడం కంటె కొత్తది కొనడం చవక అన్నారు. అయినా బాగుచేయించాను. నిరుడు మా మనమడికి డ్రైవింగు లైసెన్సు వచ్చింది. వాడికి వేగమంటే ఇష్టం. తాళంతోపాటు గడియారం కూడా ఇచ్చాను. "దీని ఖరీదెంత?" అన్నాడు. వెనక్కి తిప్పి చూపాను. చెక్కిన మాటలేవీ లేవు, నాన్నగారి మణికట్టుకు అరిగిన నునుపు తప్ప.

వాడు చేతికి కట్టుకుని గుమ్మం దగ్గర ఆగాడు. "వెళ్ళొస్తా, అమ్మమ్మా" అన్నాడు. వాడు తిరిగి వచ్చేదాకా గోడ గడియారం చూస్తూనే కూర్చున్నాను.

పిల్లలూ, మీ ఇంటి సొరుగులో ఆగిపోయిన గడియారం ఉంటే, అది ఎవరిదో పెద్దవాళ్ళను అడగండి. కీ ఇచ్చి చూడండి. ఇక సెలవు. వెళ్ళొస్తాను.