పదహారా? పద్దెనిమిదా?
(అంబేద్కర్ జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇందాక ఒక తమ్ముడు మాట్లాడుతూ రెండు మాటలన్నాడు. 1947లో ఒక రూపాయి ఒక డాలరుతో సమానమన్నది ఒకటి. రిజర్వు బ్యాంకును అంబేద్కరే పెట్టాడన్నది రెండోది. తమ్ముడి ఆవేశం మంచిదే గానీ రెండు మాటలూ నిలబడవు. 1947లో డాలరు కొనాలంటే మూడు రూపాయల అయిదణాల దాకా పెట్టాలి. అసలప్పుడు మన రూపాయి డాలరుకి కట్టేసి లేదు, ఇంగ్లీషోడి పౌనుకి కట్టేసి ఉంది. పౌనుకి పదమూడు రూపాయల అయిదణాల నాలుగు పైలు. అంటే రూపాయికి పద్దెనిమిది పెన్నీలు. ఈ పద్దెనిమిది ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పడానికే లేచాను. రెండో మాట సంగతి తర్వాత చెప్తా.

1835 చట్టం ప్రకారం రూపాయి అంటే వెండి. బరువు 180 గ్రెయిన్లు, అందులో 165 అచ్చమైన వెండి. పౌను బంగారం. వెండి ధర నిలకడగా ఉన్నన్నాళ్ళు రూపాయికి కాస్త అటూ ఇటూగా రెండు శిల్లింగులు, పౌనుకి పది రూపాయలు. 1870ల్లో జర్మనీ బంగారానికి మారి తన వెండిని బజారులో పడేసింది. అమెరికా గనుల్లో వెండి కుప్పలుగా పడింది. 1892-93 నాటికి మన రూపాయి పదిహేను పెన్నీలకి జారింది. పౌనుకి పదహారు రూపాయలు.

దీంతో సర్కారు గుండెలు బాదుకుంది. ఎందుకంటే తెల్లదొరల పెన్షన్లు, రైలు అప్పుల వడ్డీలు, లండనులో ఇండియా ఆఫీసు ఖర్చులు అన్నీ పౌన్లలోనే కట్టాలి. ఏటా కోటీ అరవై లక్షల పౌన్ల పైమాటే. పాత లెక్కన పదహారు కోట్ల రూపాయలయ్యేది, కొత్త లెక్కన పాతిక కోట్లు దాటింది. ఆ తేడా దొరల జీతాల్లో కోశారా? 1888లో మణుగు ఉప్పు మీద పన్ను రెండు రూపాయల నుంచి రెండున్నరకి పెంచారు. గంజిలో ఉప్పుగల్లు వేసుకునే ప్రతి మనిషీ ఆ అప్పు కట్టాడు.

మరి రూపాయి పడిపోతే సంతోషించినవాళ్ళు లేరా? ఉన్నారు. సరుకు ఎగుమతి చేసే వర్తకులు. మద్రాసు రేవు నుంచి పదును చేసిన తోళ్ళు ఇంగ్లండుకి ఓడల్లో పోయేవి. ఒక పౌను సరుకు అమ్మితే ఇదివరకు చేతికి పది రూపాయలొచ్చేది, ఇప్పుడు పదహారు. ఆ పశువు తోలు ఒలిచిందెవరు? తంగేడు చెక్క నీళ్ళలో చేతులు పాడుచేసుకుని పదును పెట్టిందెవరు? ఈ సభలో చెప్పక్కర్లేదు. వాళ్ళ కూలి కూడా పదికి పదహారయిందా?

సరిగ్గా ఈ ప్రశ్నే బాబాసాహెబ్ వేశాడు. సిడెన్‌హామ్ కాలేజీలో పంతులు పని చేసి కూడబెట్టిన డబ్బు, స్నేహితుడు నావల్ భథేనా దగ్గర అప్పు, కొల్హాపూరు మహారాజు సాయం. వీటితో 1920లో మళ్ళీ లండను పోయి రాసిన పుస్తకం ‘ది ప్రాబ్లెం ఆఫ్ ది రూపీ’. 1923లో అచ్చయింది. రూపాయి పడితే దేశానికి లాభమని అప్పట్లో పెద్దలనేవాళ్ళు. దేశమంటే ఎవరని ఆయన అడిగాడు. రూపాయి పడితే ఇక్కడ ధరలు పెరుగుతాయి. కూలి వెనకబడుతుంది. ఎగుమతిదారుడికి మిగిలింది విదేశం వాడిచ్చిన బహుమానం కాదు, ఇక్కడి కూలివాడు పోగొట్టుకున్నదే అని ధరలూ కూలిరేట్లూ పక్కపక్కన పెట్టి చూపించాడు.

నాకిది పుస్తకం చదవకముందే తెలుసు. మా నాయనమ్మ కోతలకి గింజ కూలి తప్ప రొక్కం ముట్టేది కాదు. ఆసామి డబ్బులు చూపిస్తే, “ఇయ్యాల దీనికి కుంచెడొత్తాయి అయ్యా, సంకురాత్రి దాటితే ముక్కుంచమే. నాకు గింజలే కొలిపించు” అనేది. వేలిముద్ర మనిషి. నిలకడ అంటే ఏమిటో ఆవిడకి తెలుసు.

కథలో మిగతాది తొందరగా చెప్తా. 1893లో ప్రజల వెండిని నాణేలు కొట్టిచ్చే పద్ధతి ఆపేసి, రూపాయిని కృత్రిమంగా పదహారు పెన్నీలకి ఎక్కించారు. మొదటి యుద్ధంలో వెండి ఆకాశానికి లేచింది. 1920లో రెండు శిల్లింగులని చట్టం చేస్తే, ఏడాది తిరిగేసరికి రూపాయి పదహారు పెన్నీల కిందికి దొర్లింది. అప్పుడు పేచీ మొదలైంది. బొంబాయి మిల్లు యజమానులు పదహారు కావాలన్నారు, సర్కారు పద్దెనిమిదంది. హిల్టన్ యంగ్ కమిషన్ వచ్చింది. 1925 డిసెంబరు 15న బాబాసాహెబ్ దాని ముందు సాక్ష్యం చెప్పాడు. లండనులో రూపాయి ఎంత పలుకుతోందన్నది కాదు, ఇక్కడ బజారులో దాని కొనుగోలు శక్తి నిలకడగా ఉందా అన్నది ముందు చూడమన్నాడు. సర్కారు ఇష్టమొచ్చినట్టు రూపాయలు ముద్రించకుండా హద్దు పెట్టమన్నాడు. కేన్స్ అంతటివాడు 1913లో మెచ్చుకుని పుస్తకం రాసిన పద్ధతిని, ఇది నిలబడదు తీసెయ్యండని ఆ దొరల ముఖం మీదే చెప్పాడు. అంటరానివాడికి ఆర్థికశాస్త్రమేమిటని నవ్వే కాలమది, మర్చిపోకండి.

1927లో పద్దెనిమిదే చట్టమైంది. 1931లో ఇంగ్లండు బంగారాన్ని వదిలేసినా, 1949లో పౌను విలువ తగ్గించినా, మన రూపాయి దాని తోక పట్టుకునే నడిచింది. 1966 జూన్ 6న తెగింది. డాలరు 4.76 నుంచి 7.50కి, పౌను 21 రూపాయలకి పోయాయి. 1991 జూలైలో మూడు రోజుల్లో రెండుసార్లు తగ్గించారు. అప్పుడూ ఎగుమతులు పెరుగుతాయన్నారు.

ఇక రిజర్వు బ్యాంకు. సిఫారసు చేసింది ఆ కమిషన్. చట్టం 1934లో, బ్యాంకు తలుపులు తెరిచింది 1935 ఏప్రిల్ 1న. బాబాసాహెబ్ సాక్ష్యమిచ్చాడు, ఆయన పుస్తకం ఆ చర్చలో ఉంది. ఇంతవరకు నిజం. ఇంతకుమించి మనం కలిపితే, రేపు ఎవడో ఆ కలిపిన ముక్క పట్టుకుని మొత్తం అబద్ధమంటాడు. ఆయన చేసింది చాలదా, మనం అరువు తెచ్చి కలపడానికి?

తమ్ముడూ, కోపం పెట్టుకోకు. ఆయన రచనలూ ప్రసంగాల ఆరో సంపుటం నా దగ్గరుంది, ఇంగ్లీషులో. వచ్చే ఆదివారం సాయంత్రం హాస్టలుకి తెస్తా, మూడో అధ్యాయం కూర్చుని చదువుదాం. వచ్చేటప్పుడు మీ అమ్మల్ని ఒక్కటి అడిగి రండి. నాట్లకి పోయిన మొదటి ఏడు కూలి ఎంతిచ్చారు, ఆ కూలికి ఎన్ని బియ్యం వచ్చేవి, నిరుడు ఎన్ని వచ్చాయి. కాగితం మీద రాసుకురండి.